సూరత్ చీరయు, చిత్రములోని సుందరియు

వస్త్రమునకును, దానిని ధరించు దేహమునకును గల సంబంధము మానవచరిత్ర యంత ప్రాచీనమైనది. ఏ వస్త్రము అందమైనది, ఏ దేహము అందమైనది అను ప్రశ్నలకు మాత్రము ఏ రెండు కాలములందును ఒకే సమాధానము నిలిచియుండలేదు. ఒకప్పుడు ఆ సమాధానమును శిల్పి చెప్పెను, కవి చెప్పెను, ఊరిలోని పెద్దముత్తైదువ చెప్పెను. గడచిన 130 సంవత్సరములుగా అచ్చుయంత్రము, సినిమా తెర, టెలివిజన్, చేతిలోని ఫోను ఒకదాని వెంట నొకటి ఆ అధికారమును చేపట్టినవి. ఈ మార్పు ఎట్లు జరిగినదో తెలిసికొనుటకు సూరత్ నగరచరిత్ర చక్కని ఆధారము. దేశములోని నలుమూలలకు చీరలు పంపు నగరమది. చీరతోపాటు దానిని కట్టిన సుందరి చిత్రమును కూడ అది పంపుచున్నది. ఆ చీరలను నేయు చేతులలో తెలుగు చేతులు వేలకొలది కలవు. వానిని కొని కట్టుకొను ఇండ్లలో తెలుగు ఇండ్లు అంతకంటె ఎన్నో రెట్లు కలవు. కావున ఈ చరిత్ర మన చరిత్రయు నగును.

తాపీనది యొడ్డున వెలసిన సూరత్ మొగలు చక్రవర్తుల కాలమున పశ్చిమ తీరమునకు పెద్ద రేవు. మక్కాయాత్రికులు ఇచటనే ఓడ లెక్కిరి. ఆంగ్ల వర్తకులు 1611లో మన మచిలీపట్నమునందును, 1613 నాటికి సూరత్ నందును తమ వర్తకస్థానములను నెలకొల్పుకొనిరి. ఈ రెండు రేవులకును వారిని రప్పించిన సరకులలో ముఖ్యమైనది వస్త్రము. కృష్ణాతీరపు అద్దకములును, గుజరాతు నూలువస్త్రములును ఐరోపాకు చేరి అచటి స్త్రీపురుషుల వేషమునే మార్చివేసినవి. తమ ఉన్ని, పట్టు పరిశ్రమలు దెబ్బతినునను భయముతో ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో రంగుల అద్దకపు వస్త్రములను నిషేధించినది. ఇంగ్లండు పార్లమెంటు 1700లో ఒక చట్టమును, 1721లో అంతకంటె కఠినమైన మరియొక చట్టమును చేసినది. రెండు దేశముల చట్టములు అడ్డుపడినను ఆ మోజు చల్లారలేదు.

ఇచట గమనింపదగిన విషయ మొకటి కలదు. నాడు మన వస్త్రము సముద్రము దాటి వెళ్లినదే గాని, దాని వెంట దానిని కట్టిన స్త్రీ చిత్ర మేదియు వెళ్లలేదు. గుడ్డ తన నాణ్యముతో, తన రంగుతో అమ్ముడుపోయినది. దానిని కొన్న లండను స్త్రీ తన దేహమునకు తగినట్లు కుట్టించుకొనెను. గుడ్డ దేహమునకు లొంగియున్న కాలమది.

మరి ఆ కాలమున మనవారికి అందమును గూర్చి ఆదర్శము లేవా యనిన, నిశ్చయముగా కలవు. పాలంపేటలోని రామప్పగుడి 1213లో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. ఆ గుడి చూరుక్రింద నిలిచిన మదనికలు పొడవైన, సన్నని విగ్రహములు. నిగనిగలాడు నల్లరాతితో చెక్కబడినవి. నల్లని స్త్రీరూపమును అంత గర్వముగా ఎత్తున నిలిపిన శిల్పులు మన పూర్వులు. భారతకథలో ద్రౌపదికి కృష్ణ యను పేరు ఆమె మేనిచాయను బట్టి వచ్చినది. రాముడు, కృష్ణుడు నీలమేఘశ్యాములు. నలుపు నారాయణుడు మెచ్చునని పల్లెలలో సామెత.

అట్లని పూర్వకాలమంతయు నిర్దోష మనుటకు వీలులేదు. పసిమిచాయను పొగడుట, చామనచాయ పిల్లకు వరుడు దొరకునా యని నిట్టూర్చుట పత్రికలును సినిమాలును పుట్టక మునుపే మన ఇండ్లలో కలవు. ప్రబంధకవులు తమ నాయికలకు బంగారు మేనిని, లేదనదగిన నడుమును కల్పించిరి. అయినను ఒక భేదము కలదు. నడుము ఆకాశమని కవి చెప్పినపుడు అది అతిశయోక్తి యని కవికి తెలియును, వినువారికిని తెలియును. ఆ పద్యము విని ఏ పల్లెపడుచును తన నడుమును కొలుచుకొని చిన్నబుచ్చుకొనలేదు. ఛాయాచిత్రము అట్టిది కాదు. అదియు అతిశయోక్తియే కావచ్చును. కాని అది అతిశయోక్తివలె కనబడదు, సాక్ష్యమువలె కనబడును. ఈ ఒక్క భేదమునుండియే తరువాతి కథయంతయు పుట్టినది.

చిత్రము ఇంటింటికి చేరుటకు తొలి బాట వేసినవారిలో ముఖ్యుడు కేరళదేశపు రాజా రవివర్మ. సూరత్‌కు ఉత్తరమున నున్న బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ ఆయనను ఆదరించి, 1888లో 14 పురాణచిత్రములను వ్రాయ నియోగించెను. ఆ చిత్రముల కీర్తి హెచ్చిన కొలది వాని ప్రతులు కావలెనను కోరికయు హెచ్చెను. 1894లో రవివర్మ బొంబాయిలో రంగుల అచ్చుశాలను స్థాపించెను. లక్ష్మి, సరస్వతి, దమయంతి, శకుంతల మొదలగు రూపములు కొలది వెలకు దొరకి దేశమంతట గోడలపై వ్రేలాడినవి. ప్రాంతమునకొక తీరుగ చీరకట్టు ఉన్న దేశమున, అందరు దేవతలును ఇంచుమించు ఒకే కట్టుతో, ఒకే ముఖపుతీరుతో, ఒకే పసిమిచాయతో కనబడుట అదియే తొలిసారి.

అదే శతాబ్దమున చీరకట్టులోను మార్పు వచ్చినది. తొలి భారతీయ ఐ.సి.ఎస్. ఉద్యోగి సత్యేంద్రనాథ ఠాకూరు భార్య జ్ఞానదానందినీ దేవి భర్తతో బొంబాయి రాష్ట్రమున నివసించినపుడు పార్సీ స్త్రీల కట్టును చూచి, దానిని కొంత మార్చి, రవికతో కలిపి ధరించెను. సూరత్, నవసారి ప్రాంతములు పార్సీలకు పురాతన నివాసములు. ఆమె కలకత్తాకు తిరిగి వచ్చి, ఆ కట్టును నేర్పెదనని బామాబోధినీ పత్రికలో ప్రకటించెనని చెప్పుదురు. పత్రిక ద్వారా ఒక వేషము వ్యాపించుటకు ఇది తొలి ఉదాహరణములలో ఒకటి.

వస్త్రవర్తకమునకు చిత్రము అంటుకొన్నదియు ఆ రోజులలోనే. మాంచెస్టరు, గ్లాస్గో నగరములనుండి మన దేశమునకు వచ్చు బట్టల తానులకును, నూలుకట్టలకును రంగురంగుల కాగితపు చీటీలు అంటించి పంపుచుండిరి. కొనువాడు చదువురానివాడైనను బొమ్మను చూచి సరకును గుర్తుపట్టును. చీటీపై వేణుగోపాలుడో, గజలక్ష్మియో, నగలు ధరించిన వనితయో ఉండును. బట్ట చినిగిన పిమ్మటకూడ ఆ చీటీని దాచుకొనువారు. నేటి సూరత్ చీరపెట్టెపై నవ్వు సుందరికి ఆ చీటీలోని వనితయే పూర్వీకురాలు.

సినిమా వచ్చి ఈ బొమ్మకు ప్రాణము పోసినది. 1941లో లక్స్ సబ్బు ప్రకటనలో లీలా చిట్నీస్ కనబడినది. మన దేశపు తారలలో ఆ సబ్బుకు ప్రకటన ఇచ్చిన తొలి వ్యక్తి ఆమె. తెలుగునాట కాంచనమాల చిత్రము క్యాలెండర్లపై ఎక్కినది. అయినను ఆ తరములో అందము ఒకే మూసలో పోయబడలేదు. ‘దేవదాసు’, ‘మాయాబజార్’ చిత్రములలోని సావిత్రిది నిండు విగ్రహము. భానుమతి, జమున, అంజలి ఒకరివలె నొకరు ఉండరు. వడ్డాది పాపయ్య ‘చందమామ’, ‘యువ’ పత్రికల ముఖచిత్రములపై వ్రాసిన స్త్రీలు ఒక తీరు. బాపు గీసిన స్త్రీలు మరియొక తీరు. బాపుబొమ్మ యను మాట తెలుగు నుడికారములో నిలిచిపోయినది. చిత్రకారుని చేయి మారినపుడెల్ల అందము మారుచుండెను. 1957లో ఆరాధింపబడిన నిండుతనమునే 40 ఏండ్లు గడువకముందే స్థూలత్వమని పిలిచిరి. ఆ నడుమ స్త్రీల దేహము మారలేదు. చూపించువారి కొలత మారినది. ఇట్టి కొలత శాశ్వతమైనది కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఇక సూరత్ కథకు మరల రావలెను. ఓడల రాకపోకలు బొంబాయికి తరలిపోయిన పిమ్మట సూరత్ తన జరీపనితోను, పట్టునేతతోను బ్రతికినది. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున కృత్రిమపట్టు, తరువాత నైలాను, అటుపిమ్మట పాలియెస్టరు నూలు వచ్చినవి. చేమగ్గము స్థానమున మరమగ్గము వచ్చినది. అది వరకు పట్టుచీర పెండ్లికి మాత్రమే. సూరత్ వచ్చిన పిమ్మట కూలిపని చేయు స్త్రీకిని రంగురంగుల, పూలపూల చీర దొరకినది. ఉతికినను మాయదు, ఇస్త్రీ అక్కరలేదు, వెల తక్కువ. ఈ మేలును విస్మరించుట అన్యాయము.

నేతలో వచ్చిన ఈ మార్పునకు తోడు ప్రకటనలోను మార్పు వచ్చినది. సూరత్ సమీపమున వరేలీ యను గ్రామము కలదు. అచట మిల్లు నెలకొల్పిన గార్డెన్ సంస్థ, ఆ గ్రామనామముతోనే ‘గార్డెన్ వరేలీ’ చీరలను దేశమునకు పరిచయము చేసినది. 1970, 1980ల దశకములలో ఆంగ్ల పత్రికలలో పుటనిండ రంగులతో వచ్చిన ఆ ప్రకటనలు ఆనాటి పాఠకులకు నేటికిని జ్ఞాపకమే. 1976లో దూరదర్శన్ వాణిజ్య ప్రకటనలను అనుమతించినది. 1982లో రంగుల ప్రసారము వచ్చినది. చీర రంగును ఇంటిలోనే చూపగల సాధనము వర్తకునికి దొరకినది.

తెలుగు నేతపనివారు సూరత్ చేరిన కథ వలసల కథ. నైజాము కాలమునుండియు తెలంగాణ పద్మశాలీలు షోలాపురము, బొంబాయి, భివండి నగరములకు పోయి మగ్గములపై పనిచేసిరి. మరమగ్గములు సూరత్‌లో పెరిగినపుడు ఆ దారి సూరత్ వరకు సాగినది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలనుండి వచ్చిన కుటుంబములు లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడినవి. మార్కండేయుని ఉత్సవములు, బతుకమ్మ ఆటలు అచట నిలిచినవి. సూరత్ నగరపాలక సంస్థ నడుపు ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమమునవియు ఉండుట ఈ సమాజపు పరిమాణమునకు గుర్తు.

ఊరిలో ఉన్నపుడు ఈ నేతగాడు నేసిన చీరకు ఊరిపేరు ఉండెడిది. గద్వాల, పోచంపల్లి, వెంకటగిరి, మంగళగిరి, ఉప్పాడ యనిన చాలును, కొనువారికి నేత తెలియును. సూరత్ చీరకు ఊరిపేరు పనికిరాదు. దానికి సినిమా పేరు, సీరియల్ పేరు, కథానాయిక పేరు పెట్టిరి. ఒక చిత్రములో నాయిక కట్టిన చీరకు అచ్చమైన నకలు కొలది దినములలో రింగురోడ్డు మార్కెట్టులకు వచ్చును. అచటినుండి విజయవాడ, హైదరాబాదు టోకు దుకాణములకు, అచటినుండి సంతకు చేరును. నేతగాని పేరుండవలసిన చోట ఒక ముఖము వచ్చి కూర్చున్నది.

ఆ ముఖము వెనుక నున్న వ్యాపార విధానమును తెలిసికొనదగును. మరమగ్గముపై నేసిన ముడిబట్టను గ్రే యందురు. అది పాండేసరా, సచిన్, పల్సాణా ప్రాంతముల అద్దకపు మిల్లులకు పోయి రంగు వేసికొనును. అచటినుండి వర్తకునికి, వర్తకునినుండి ఎంబ్రాయిడరీ యంత్రములకు, అటనుండి చేతిపనికి పోయి తిరిగి వచ్చును. కొన్ని చీరలు చేర్చి ఒక క్యాటలాగుగా కట్టుదురు. ఒక్కొక్క చీరకు ఒక్కొక్క చిత్రము. చిల్లర వర్తకుడు సాధారణముగా క్యాటలాగులోని చీరలన్నిటిని కలిపి కొనవలెను. కొనునపుడు అతడు చూచునది గుడ్డను కాదు, చిత్రమును. చిత్రము బాగుండిన సరకు కదలును. బాగుండనిచో మంచి గుడ్డయు గోదాములో పడియుండును.

అందుచేత చిత్రము తీయువాడు శ్రద్ధ వహించును. సామాన్య స్త్రీకంటె పొడవైన మోడల్‌ను ఎన్నుకొనును. చీర బిగువుగా కనబడుటకు వెనుకభాగమున గుండుసూదులు గుచ్చును. దీపముల వెలుగులో మేనిచాయ తెలుపెక్కును. మిగిలినది కంప్యూటరు సరిదిద్దును. తరువాత ఒకే స్త్రీ చిత్రముపై పది చీరల అచ్చులు కంప్యూటరులోనే మార్చుట వచ్చినది. ఇటీవలి సంవత్సరములలో కృత్రిమమేధ సాయమున అసలు మనిషియే లేని ముఖములకు చీర కట్టుచున్నారు. అనగా ఏ తల్లియు కనని స్త్రీ, ఏ మగ్గముపైనను నేయని చీరను ధరించి, నిజమైన బాలికలకు ఆదర్శముగా నిలుచుచున్నది. ప్రబంధకవి అతిశయోక్తియు ఇంత దూరము పోలేదు.

ఆ చీరకు తుదిమెరుగులు దిద్దునది యెవరు? సూరత్ పేటలలోని ఇండ్లలో స్త్రీలు వంట ముగించి, పిల్లలను బడికి పంపి, చీరల మూటలు ముందు వేసికొని కూర్చుందురు. వెనుకవైపు వ్రేలాడు దారములను కత్తిరించుదురు, అద్దపురాళ్లు అంటించుదురు, లేసు కుట్టుదురు. కూలి చీరకింత యని. వీరిలో తెలుగు గృహిణులును కలరు. వంగి వంగి నడుము నొచ్చును, చూపు మందగించును. వారి చేతిమీదుగా పోయిన చీర, చిత్రములోని పొడవైన తెల్లని స్త్రీతో కూడి, వారి స్వగ్రామపు దుకాణమునకు చేరును. చీరను సింగారించిన చేయి ఆ చిత్రములో ఎచటను కనబడదు. ఆ ఇంటి కూతురు చూచునది చిత్రమునే. తల్లి చేతిని ఆమె అందమని ఎంచుటకు ఆ చిత్రము నేర్పదు.

ఇందులో ఒక చిత్రమైన విరోధము కలదు. ప్రపంచమునందలి వస్త్రములలో దేహమును కొలువని వస్త్రములు కొన్ని మాత్రమే. వానిలో చీర మేటి. అయిదున్నర మీటర్ల గుడ్డ సన్నని స్త్రీకిని సరిపోవును, లావైన స్త్రీకిని సరిపోవును. గర్భిణికిని, బాలెంతకును, ముదుసలికిని సరిపోవును. తల్లి చీర కూతురు కట్టును. కుట్టువిప్పి సరిచేయు పనిలేదు. ఏ దేహమును కాదనని ఈ వస్త్రమును ఒకే దేహముతో ముడిపెట్టుట మన కాలపు ప్రకటనలు చేసిన పని.

కుట్టిన దుస్తులు హెచ్చిన కొలది కొలత మరింత బిగిసినది. సూరత్ నేడు చీరలతోపాటు కుర్తీలను, కుట్టిన చీరలను, రవికలను కూడ పంపుచున్నది. వానిపై ఎస్, ఎమ్, ఎల్ అను అక్షరము లుండును. ఆ అక్షరముల వెనుకనున్న కొలతలు పెక్కుకాలము విదేశీ పట్టికలనుండి తెచ్చుకొన్నవి. భారతీయుల దేహములకు తగిన కొలతల పట్టిక లేదని గుర్తించి, కేంద్ర జౌళి మంత్రిత్వశాఖ తోడ్పాటుతో జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ ‘ఇండియా సైజ్’ అను సర్వేను చేపట్టినది. హైదరాబాదుతో సహా ఆరు నగరములలో 25,000 మంది స్త్రీపురుషుల కొలతలు తీయుట దాని సంకల్పము. దుకాణములో రవిక పట్టని బాలిక తన దేహము తప్పని తలచును. తప్పు పట్టికది కావచ్చునని ఆమెకు చెప్పువారు కావలెను.

కొలత యట్లుండగా, రంగును గూర్చిన వ్యాపారము వేరొకటి. 1975లో హిందుస్తాన్ లీవర్ సంస్థ ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అను లేపనమును విడుదల చేసినది. తెల్లబడిన పిల్లకు ఉద్యోగమును, వరుడును లభించినట్లు చూపు కథలు దూరదర్శన్‌లో వచ్చినవి. 1994లో సుస్మితాసేన్ విశ్వసుందరిగను, ఐశ్వర్యారాయ్ ప్రపంచసుందరిగను ఎన్నికైన పిమ్మట అందాల పోటీలు చిన్న పట్టణములకును ప్రాకినవి. 1995లో జెమినీ, ఈటీవీ ప్రసారములు ఆరంభమైనవి. సూరత్‌లోని తెలుగు ఇంటికి తన భాష టెలివిజన్ ద్వారా చేరినది. ఆ భాషలోనే ఈ ప్రకటనలును చేరినవి.

దాని ఫలితములు ముఖముపైనే కనబడినవి. వైద్యుని అడుగకుండ స్టిరాయిడ్ కలిసిన లేపనములను నెలలతరబడి రాచి, చర్మము పలుచబడి, మచ్చలు, మొటిమలు తెచ్చుకొనినవారు పెక్కురు. చర్మవైద్యుల హెచ్చరికలపై కేంద్రప్రభుత్వము 2018లో అట్టి లేపనములు పెక్కింటిని వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కట్టడి చేసినది. మరియొక వైపు 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల వయస్సుగల భారతీయ స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత కలదు. ముఖమునకు తెలుపు కావలెనని లేపనము కొను ఇంటనే రక్తమున ఎరుపు చాలని ఆడుపిల్ల ఉన్నది. లేపనమునకు పెట్టు ధనము ఆకుకూరకు, పప్పునకు, బెల్లమునకు పోయిన ఆమెకు మేలగును. సన్నబడవలెనని అన్నము మానుట ఆ లోపమును మరింత పెంచును.

చిత్రము మనస్సును ఇంతగా మార్చగలదా యను సందేహమునకు ఫిజీ ద్వీపములు సమాధాన మిచ్చినవి. తెలుగు కూలీల సంతతియు, సూరత్, నవసారి ప్రాంతపు గుజరాతీ వర్తకుల సంతతియు నివసించు దేశమది. అచటి మూలవాసులు నిండైన దేహమును ఆరోగ్యమునకును ఆదరణకును గుర్తుగా ఎంచెడివారు. 1995లో నద్రోగా ప్రాంతమునకు టెలివిజన్ వచ్చినది. అమెరికాకు చెందిన ఆన్ బెకర్ అను పరిశోధకురాలు ఆ సంవత్సరము 63 మంది మూలవాసి బాలికలను, 1998లో మరి 65 మందిని ప్రశ్నించెను. ఆహారమును గూర్చి అస్వస్థమైన వైఖరి గల బాలికలు 12.7 శాతమునుండి 29.2 శాతమునకు పెరిగిరి. బరువు తగ్గుటకు తిన్నది కక్కుకొను బాలికలు మొదట ఒక్కరును లేరు, మూడేండ్లకు 11.3 శాతమైరి. ఆ మూడేండ్లలో వారి వంటయిల్లు మారలేదు. ఇంటికి వచ్చిన తెర క్రొత్తది.

మన ప్రభుత్వములు ఈ విషయమున నిద్రపోలేదు. 1954లోనే ఔషధములు, ఇంద్రజాల చికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టము వచ్చినది. స్థూలకాయమును పోగొట్టుదుమని, దేహపు ఎత్తును పెంచుదుమని ఔషధములను ప్రకటించుట ఆ చట్టము క్రింద నేరము. 1986లో స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టము వచ్చినది. ప్రకటనకర్తల సొంత సంస్థయైన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2014లో నియమములు చేసినది. నల్లని మేని వారిని దుఃఖితులుగను, ఉద్యోగమునకు గాని వివాహమునకు గాని పనికిరానివారుగను చూపరాదని అందు కలదు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోని ‘ఫెయిర్’ను తొలగించి ‘గ్లో అండ్ లవ్లీ’ అయినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 2022లో వెలువడిన మార్గదర్శకములు మరియొక అడుగు ముందుకు వేసి, బాలబాలికల నుద్దేశించిన ప్రకటన ఏదియు వారిలో తమ దేహమును గూర్చి హీనభావమును పెంచరాదని శాసించినవి. ప్రభుత్వ శాసనములో ఈ మాట చేరుట చిన్న సంగతి కాదు.

అయినను శాసనము చేరలేని చోటు ఒకటి కలదు. ఆదివారపు పత్రికలో వచ్చు వివాహ ప్రకటనలను ఏ మిల్లు యజమానియు వ్రాయడు, ఏ మోడల్ చిత్రమును తీయువాడును వ్రాయడు. తెల్లని, సన్నని, పొడవైన వధువు కావలెనని వ్రాయువారు చదువుకొన్న తల్లిదండ్రులు, ఉద్యోగస్థులు, తమ కుమార్తెకు అదే మాట ఎదురైనపుడు కంట తడిపెట్టువారు. పెండ్లిచూపులలో పిల్ల చామనచాయ యని గొణుగు మాట, పుట్టిన బిడ్డను చూచి మొదట రంగు నడుగు మాట, ఎదుగుచున్న బాలికను పదిమందిలో లావైనావనియు, చిక్కినావనియు పలుకరించు మాట ఏ క్యాటలాగులోను అచ్చు కాలేదు. ప్రకటనకర్త విత్తనము మాత్రమే చల్లును. నీరు పోయునది ఇల్లు.

కావున చేయదగిన పని కష్టమైనది కాదు. చీరను చూచునపుడు చిత్రమును ప్రక్కనుంచి గుడ్డను చేతితో తడవి చూచుట పూర్వపు పద్ధతి. అది నేటికిని మంచి పద్ధతియే. చిత్రము ఎట్లు తీయబడునో, సూదులు ఎచట గుచ్చబడునో, తెలుపు ఎట్లు తేబడునో పిల్లలకు చెప్పవలెను. తెలిసిన మాయ మోసగింపజాలదు. సంఘములు, సమాజములు జరుపు ఉత్సవములలో వేషభూషల పోటీలకు బదులు నేతను, అద్దకమును, చేతిపనిని చూపు ప్రదర్శనము లేర్పరచిన, చీర వెనుకనున్న చేతికి కొంత గౌరవము దక్కును. వివాహ ప్రకటన వ్రాయునపుడు రంగును గూర్చిన ఒక్క పదము తీసివేసిన పత్రికకు ఖర్చు తగ్గును. ఏదో ఒక ఇంట ఒక బాలికకు దుఃఖము తగ్గును.

నాలుగు వందల ఏండ్లకు పూర్వము సూరత్, మచిలీపట్నము రేవులనుండి పోయిన గుడ్డ తనంతట తానే లోకమును గెలిచినది. నేటి సూరత్ మగ్గముపై నేయు తెలుగు కార్మికుని నేర్పు నాటి నేర్పునకు తీసిపోదు. ఆ నేర్పును మెచ్చి చీరను కొనుట మంచిదే. పెట్టెపై నున్న చిత్రము వర్తకునిది, అది అతని దుకాణము నలంకరించును గాక. చీర మాత్రము ఇంటి ఆడుపిల్లది. ఆమె పొడవెంతయైనను, చాయ యేదైనను, అయిదున్నర మీటర్ల ఆ గుడ్డ ఆమెకు నిండుగా చాలును.